ఇంట తయారైన హై-ఫై లౌడ్‌స్పీకర్ పెట్టెలు: కంపన నియంత్రణ చరిత్ర (1925–1977)

సారాంశం:
రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత బ్రిటన్‌లో సంగీతప్రియులు లౌడ్‌స్పీకర్ పెట్టెలను ఇళ్లలోనే తయారుచేసుకోవడం ఒక అభిరుచిగా ఎదిగింది. పెట్టె గోడల కంపనాన్ని, లోపలి గాలి అనునాదాన్ని అణచడానికి ఇసుక, ఇటుక, ఉన్ని, తారు అట్టల వంటి సామగ్రి వాడుకలోకి వచ్చింది. బరువుతో కంపనాన్ని ఆపాలన్న ఆలోచన, కంపనశక్తిని ఉష్ణంగా మార్చి హరించాలన్న ఆలోచనకు దారితీసిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ క్రమంలో గృహ నిర్మాతలకు ఉన్న స్థానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: లౌడ్‌స్పీకర్ పెట్టె, అనునాదం, అవరుద్ధ కంపనాలు, గిల్బర్ట్ బ్రిగ్స్, బి.బి.సి., గృహ నిర్మాణం.

1. ఉపోద్ఘాతం

వీణకు కుండ ఏ పని చేస్తుందో, లౌడ్‌స్పీకర్‌కు పెట్టె ఆ పని చేయకూడదు. పనసకర్రను తొలిచి చేసిన కుండ తీగల నాదానికి తన నాదాన్ని జతచేస్తుంది. ఆ చేర్పే వాద్యానికి గుర్తింపు. లౌడ్‌స్పీకర్ పెట్టె తానుగా పలికితే మాత్రం వినిపించే ప్రతి కంఠానికీ, ప్రతి వాద్యానికీ ఒకే రంగు అంటుకుంటుంది. కనుక పెట్టెను మౌనంగా ఉంచడమే నిర్మాత ఎదుట నిలిచిన సమస్య. ఈ సమస్యకు వెతికిన పరిష్కారాలలో శాస్త్ర ప్రయోగశాలల చరిత్రతో పాటు వడ్రంగపు బల్లల చరిత్ర కూడా ఇమిడి ఉంది.

2. పెట్టె అవసరం

1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ ప్రకటించిన పరిశోధన పత్రం ఆధునిక చలనచుట్ట లౌడ్‌స్పీకర్‌కు పునాది వేసింది. అందులోని కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి సంపీడనం చెందుతుంది, వెనుక గాలి పలుచబడుతుంది. వ్యతిరేక దశలో ఉన్న ఈ రెండు తరంగాలు అంచుల చుట్టూ తిరిగి కలిస్తే మంద్రస్వరాలు పరస్పరం రద్దవుతాయి. వెనుక తరంగాన్ని వేరుచేయడానికి మొదట పెద్ద పలకలు, తరువాత పెట్టెలు వచ్చాయి.

వెనుక తరంగాన్ని వృథా చేయక వాడుకొనే ప్రయత్నాలూ జరిగాయి. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్‌కు 1932లో పేటెంటు లభించిన బాస్ రిఫ్లెక్స్ పద్ధతిలో, పెట్టెకు చేసిన రంధ్రం ద్వారా మంద్రస్వరాలు బలపడతాయి. 1936లో బెంజమిన్ ఓల్నీ వర్ణించిన ‘లాబిరింత్’ పద్ధతిలో, వెనుక తరంగం మెలికలు తిరిగిన పొడవైన మార్గం గుండా ప్రయాణిస్తుంది. ఈ మార్గాలన్నిటిలోనూ మిగిలిపోయిన ప్రశ్న ఒక్కటే: శబ్దాన్ని బంధించిన గోడలు తామే శబ్దం చేస్తే ఏమి చేయాలి?

3. యుద్ధానంతర బ్రిటన్: ఇసుక, ఇటుక

1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రిక డి.టి.ఎన్. విలియమ్సన్ రూపొందించిన యాంప్లిఫయర్ వివరాలను ప్రచురించింది. దానిని ఇంటిలో నిర్మించుకున్నవారికి దీటైన లౌడ్‌స్పీకర్ కావలసివచ్చింది. 1950లో డెక్కా సంస్థ బ్రిటన్‌లో ఎల్.పి. రికార్డులను విడుదల చేయడంతో ఆ అవసరం మరింత పెరిగింది. మరోవైపు కలప కొరత తీవ్రంగా ఉంది. యుద్ధకాలంలో మొదలైన గృహోపకరణాల నియంత్రణ పథకం 1952 వరకు కొనసాగింది. మేలైన పెట్టెను కొనడం కంటే, దొరికిన సామగ్రితో చేసుకోవడమే చాలామందికి సాధ్యమైన దారి.

వారికి మార్గదర్శకుడైనవాడు గిల్బర్ట్ బ్రిగ్స్ (1890–1978). వస్త్రవ్యాపారం నుండి వచ్చిన ఆయన 1932లో యార్క్‌షైర్‌లోని ఇల్క్లీలో వార్ఫ్‌డేల్ సంస్థను స్థాపించాడు. 1948లో వెలువడిన ‘లౌడ్‌స్పీకర్స్’ మొదలుకొని ఆయన రాసిన గ్రంథాలు సామాన్య పాఠకునికి ధ్వనిశాస్త్రాన్ని తేటగా, చమత్కారంగా బోధించాయి. సంస్థాధిపతి అయి ఉండి కూడా పెట్టెను ఇంటిలో చేసుకొనే పద్ధతిని వివరించడం గమనార్హం. లౌడ్‌స్పీకర్ యూనిట్లను అమ్మే వ్యాపారికి అది ప్రయోజనకరమే. అయితే దాని ఫలితంగా జ్ఞానం కర్మాగారపు గోడలు దాటింది.

బ్రిగ్స్ ప్రచారం చేసిన పరిష్కారాలలో ప్రసిద్ధమైనది ఇసుక నింపిన పలక. రెండు ప్లైవుడ్ పలకల నడుమ ఖాళీ వదిలి పొడి ఇసుకతో నింపుతారు. ఇసుక బరువు పలకను సులభంగా కదలనివ్వదు. కదిలినంత మేర రేణువుల రాపిడి ఆ శక్తిని ఉష్ణంగా మార్చివేస్తుంది. ఇందుకు చెల్లించే మూల్యం బరువు. 2.5 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న ఒక చదరపు మీటరు పలకలో 25 లీటర్ల ఇసుక పడుతుంది. అది సుమారు 40 కిలోలు. గది మూలలో ఇటుకలతో కట్టే పెట్టెలనూ ఆయన సమర్థించాడు. అటువంటి పెట్టె ఇంటిలో ఒక వస్తువుగా కాక ఇంటి గోడలో భాగంగా మారుతుంది. ఇల్లు మారితే దానిని వదులుకోవలసిందే.

4. లోపలి గాలి: ఉన్ని

గోడలను అణచినంత మాత్రాన సమస్య తీరదు. పెట్టెలోపలి ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగాలు ఏర్పడతాయి. లోపలి ఎత్తు 60 సెంటీమీటర్లయితే మొదటి అనునాదం సుమారు 286 హెర్ట్జ్ వద్ద, అంటే మానవకంఠపు పరిధిలోనే వస్తుంది. గోడ కంపనానికీ, గాలి అనునాదానికీ మందు వేరు. గోడకు అతికించిన పలుచని పొర గాలి తరంగాన్ని అంతగా హరించలేదు. గోడ వద్ద గాలి కణాల వేగం అత్యల్పం కావడమే అందుకు కారణం. శోషక పదార్థం పెట్టె నడిమి భాగంలోనూ ఉండాలి.

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన ఏ.ఆర్.-1 చిన్న పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపల గాజుపీచు నింపింది. బంధించిన గాలే శంకువుకు స్ప్రింగుగా పనిచేసింది. 1965లో బ్రాడ్‌ఫోర్డ్‌కు చెందిన ఏ.ఆర్. బెయిలీ ‘వైర్‌లెస్ వరల్డ్’లో ప్రకటించిన నమూనా లాబిరింత్ మార్గాన్ని పొడవైన పోగుల ఉన్నితో నింపింది. బ్రాడ్‌ఫోర్డ్ ఉన్ని పరిశ్రమకు పేరొందిన నగరం. ఆ నమూనా ‘ట్రాన్స్‌మిషన్ లైన్’ పేరుతో గృహ నిర్మాతలలో దీర్ఘకాలం ఆదరణ పొందింది.

5. బి.బి.సి. పరిశోధన: బరువు నుండి హరణానికి

‘మందమైన గోడ మంచి గోడ’ అన్న నమ్మకాన్ని బలంగా ప్రశ్నించినది బి.బి.సి. పరిశోధన విభాగం. పరిచితమైన కంఠాన్ని స్టూడియోలో నేరుగా విని, అదే కంఠాన్ని లౌడ్‌స్పీకర్‌లో విని పోల్చడం వారి పద్ధతులలో ఒకటి. ఒకే పదార్థంతో చేసిన పలక మందం రెట్టింపైతే దాని అనునాద పౌనఃపున్యం కూడా దాదాపు రెట్టింపవుతుంది. అందువల్ల మందాన్ని పెంచితే అనునాదం మాయం కాదు. చెవి మరింత సునిశితంగా గుర్తించే మధ్యస్వరాల వైపు జరగవచ్చు. పలుచని ప్లైవుడ్‌కు లోపల తారు అట్టలను అతికిస్తే అనునాదం కింది పౌనఃపున్యాల వద్దే ఉండి, తీవ్రతను కోల్పోతుంది. 1977లో హార్వుడ్, మాథ్యూస్ రూపొందించిన నివేదిక ఈ విషయాన్ని క్రమబద్ధంగా చర్చించింది. అప్పటికే వాడుకలో ఉన్న చిన్న ఎల్.ఎస్.3/5ఏ మానిటర్ పెట్టె ఇదే సూత్రంపై నిర్మితమైంది.

ఈ నిర్ణయం బ్రిగ్స్ కృషిని కొట్టివేయదు. ఇసుకలోనూ ఫలితమిచ్చిన గుణం బరువు మాత్రమే కాదు, రాపిడి కూడా. బరువు మాటున దాగిన ఆ రెండవ గుణాన్ని బి.బి.సి. పరిశోధకులు వేరుచేసి, దానికే ప్రాధాన్యమిచ్చారు.

6. ముగింపు

1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ ప్రకటించిన విశ్లేషణ, 1970లలో రిచర్డ్ స్మాల్ చేసిన విస్తరణ పెట్టె ఘనపరిమాణాన్ని, రంధ్రపు కొలతలను లెక్కకు లొంగదీశాయి. గోడల కంపనం మాత్రం అంత తేలికగా సమీకరణానికి చిక్కలేదు. అక్కడ పదార్థపు ఎంపిక, అతుకుల పనితనం, వినికిడి నిర్ణాయకంగా నిలిచాయి. పరికరాలు లేని గృహ నిర్మాత పలకను వేలి కణుపుతో తట్టి విన్నాడు. ప్రయోగశాల అదే ప్రశ్నను యంత్రంతో అడిగింది. గృహ నిర్మాతను కేవలం వినియోగదారునిగానో, అనుకర్తగానో చూసే సాంకేతిక చరిత్ర ఈ ఘట్టంలో అసంపూర్ణం. పత్రికలో నమూనా చదివి, ఉన్ని తూచి, ఇసుక ఆరబోసి, ఫలితాన్ని తన చెవితో పరీక్షించిన వ్యక్తి ఆ సిద్ధాంతాలకు తొలి పరీక్షకులలో ఒకడు.