రాత్రిపూట పిలవని ఉద్యోగం: ఇంజనీర్ ఎ. లలిత కథ

ఇవాళ ఒక డిగ్రీ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుందాం. మద్రాస్ గిండీ ఇంజనీరింగ్ కాలేజ్, 1940ల మొదట్లో. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిన ఒకమ్మాయికి పట్టా ఇవ్వాలి. సర్టిఫికెట్ మీద ముందే ఇంగ్లిష్‌లో "హీ" అని అచ్చయి ఉంది. అప్పటిదాకా ఇంకో మాటతో పనే పడలేదు మరి. ఆ "హీ"ని కొట్టేసి "షీ" అని రాసి ఇచ్చారు.

ఆ అమ్మాయి మన తెలుగింటి పిల్ల. అయ్యలసోమయాజుల లలిత. ఈ ముక్క మీ ఫోన్‌కి ఎప్పుడో ఒకప్పుడు ఫార్వర్డ్ అయ్యే ఉంటుంది. 18 ఏళ్లకే భర్త పోయాడు, చంకలో పాప, అయినా ఇంజనీర్ అయింది, చివర్న రెండు దండాల ఎమోజీలు. అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఎలా అయింది అన్నది ఉండదు. నాకు కావాల్సింది ఆ "ఎలా".

లలితగారు 1919లో మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో ఆవిడ. నాన్న పప్పు సుబ్బారావు గారు అదే గిండీ కాలేజ్‌లో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అన్నదమ్ములు ఇంజనీరింగ్ వైపు, ఆడపిల్లలకి కాస్త చదువు, తర్వాత పెళ్లి. ఈవిడకీ 15వ ఏట పెళ్లి చేశారు. అప్పటికి శారదా చట్టం వచ్చి నాలుగైదేళ్లయింది, అమ్మాయికి 14 నిండితే చట్టానికి ఇబ్బంది లేదు. 1937లో భర్త పోయారు. పాపకి అప్పుడు నాలుగు నెలలు.

ఆ రోజుల్లో ఇలాంటి అమ్మాయి ముందు ఏముంది? వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసింది 1881లో. అంటే దారి ఉందని అందరికీ తెలుసు, నడిచేవాళ్లు తక్కువ. ఎక్కువమందికి మిగిలేది ఒక మూల గది, ఎవరి ఇంట్లోనో ఊడిగం. లలితగారు పుట్టింటికి వచ్చి, నేను చదువుతాను, నా కాళ్ల మీద నేను నిలబడాలి అన్నారు. క్వీన్ మేరీస్ కాలేజ్‌లో ఇంటర్ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. అప్పట్లో చదువుకునే ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లేది టీచర్ ఉద్యోగానికి, లేదంటే మెడిసిన్‌కి. మెడిసిన్ ఆవిడకి అందనిదేం కాదు. కానీ వద్దనుకున్నారు. డాక్టర్‌ని అర్ధరాత్రి కూడా పిలుస్తారు, పాపని వదిలి పరిగెత్తాలి. ఆవిడకి పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే పని కావాలి. అందుకని ఇంజనీరింగ్!

ఆన్-కాల్ డ్యూటీలు చేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ మాటకి నవ్వుకుంటారేమో. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయిందని ఫోన్ మోగితే లేచి ల్యాప్‌టాప్ తెరిచిన రాత్రులు నాకూ ఉన్నాయి. బిడ్డ కోసం ఒకావిడ ఏరి కోరి పట్టుకున్న ఫీల్డ్‌ని మనం ఎక్కడికి తీసుకొచ్చామో చూడండి.

సరే, విషయానికొద్దాం. కెరీరా, ఫ్యామిలీనా అని మనం రెండు పక్కల రెండు బాక్సులు గీసుకుంటాం. లలితగారికి ఆ రెండూ ఒకే లెక్క. పాపని పెంచాలి కాబట్టి ఉద్యోగం, పాపని పెంచాలి కాబట్టే ఆ ఉద్యోగం.

అడ్మిషన్ అంత ఈజీగా రాలేదు. నాన్నగారు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్‌ దాకా వెళ్లారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. వందల మంది అబ్బాయిల మధ్య ఒకే ఒక్క అమ్మాయి. హాస్టల్లో తోడు లేదు. అప్పుడు నాన్నగారే కాలేజ్ వాళ్లకి చెప్పి, అమ్మాయిలు కూడా అప్లై చేయొచ్చని ప్రకటన వేయించారు. 1940లో కేరళ నుంచి పి.కె. థ్రెస్యా, లీలమ్మ జార్జ్ సివిల్‌లో చేరారు. వాళ్లు ఒక ఏడాది జూనియర్లే అయినా, యుద్ధం వల్ల కోర్సు కుదించడంతో ముగ్గురూ కలిసే బయటికొచ్చారు.

మరి పాప? అన్నగారి ఇంట్లో. వారాంతాల్లో అమ్మ వెళ్లి చూసొచ్చేది.

తర్వాత బిహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్. అక్కణ్ణుంచి సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్. సిమ్లానే ఎందుకు? అక్కడ ఒక అన్నయ్య ఉన్నారు. కొన్నాళ్లు నాన్నగారి పరిశోధనల్లో సాయం చేశారు, ఆయన ఎలక్ట్రిక్ సంగీత వాయిద్యం, పొగరాని పొయ్యి లాంటివి తయారుచేస్తుండేవారు. ఆ పని బాగానే ఉంది కానీ జీతం రాదు కదా. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కలకత్తాలో ఇంకో అన్నయ్య కుటుంబం ఉంది. ఆవిడ ఆఫీసుకి వెళ్తే పాపని చూసుకోడానికి వదినగారు ఉన్నారు.

ఇప్పుడు ఒక మ్యాప్ తీసుకుని ఆవిడ ఉద్యోగాలన్నిటికీ పిన్‌లు పెట్టండి. దాదాపు ప్రతి పిన్ పక్కన ఒక అన్నయ్య ఇల్లు కనిపిస్తుంది. అందరూ పెట్టే పేరు సూపర్ వుమన్. నాకు ఆ పేరు నచ్చదు. ఆ మాట అనగానే వదినగారు మాయమైపోతారు. ఆ వదినగారి పేరు మీద ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఇంకో సంగతి, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. భర్త బతికుంటే లలితగారు ఇంజనీర్ అయ్యేవారా? నా ఉద్దేశంలో చాలా కష్టం. అత్తారింట్లో ఉన్న 18 ఏళ్ల కోడల్ని హాస్టల్లో ఉంచి ఇంజనీరింగ్ చదివించే కుటుంబాలు ఆనాడు ఎన్ని ఉంటాయి? కాలేజ్‌లోనే పనిచేసే తండ్రి ఉండటం అదృష్టం. అలాంటి తండ్రి లేని వేల మంది 18 ఏళ్ల వితంతువుల గురించి మనకి ఫార్వర్డ్‌లు రావు.

స్వతంత్రం వచ్చాక అంతా మారిందనుకోకండి. ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో ఆడ ఆఫీసర్ పెళ్లి చేసుకోవాలంటే అప్పట్లో ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సి వచ్చేది, కుటుంబ బాధ్యతలు పనికి అడ్డమనిపిస్తే రాజీనామా చేయమనే వీలుండేది. ఇది అప్పటి రూల్ పుస్తకంలో ఉన్న మాట. సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకి వెళ్తే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ వివక్షని గట్టిగానే కడిగేశారు. ఆ రూల్ మగ ఆఫీసర్లకి లేదని వేరే చెప్పాలా?

కలకత్తాలో లలితగారు దాదాపు 30 ఏళ్లు పనిచేశారు. కరెంట్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, ప్రొటెక్టివ్ గేర్. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. 1953లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ అసోసియేట్ మెంబర్‌గా, 1966లో పూర్తి మెంబర్‌గా తీసుకుంది.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఇక్కడ ఆడ ఇంజనీర్లకి సంఘమే లేదు కాబట్టి ఆవిడ సొంత హోదాలో వెళ్లారు. 150 ఏళ్ల క్రితమైతే నన్ను భర్త చితి మీదే కాల్చేసేవారు అని అక్కడి విలేకర్లతో అన్నారట. 1967లో కేంబ్రిడ్జ్‌లో రెండో సదస్సు జరిగినప్పుడు, మన దేశం నుంచి ఐదుగురు ఆడ ఇంజనీర్లు వెళ్లేలా చూశారు. హాస్టల్లో ఒంటరిగా ఉన్నప్పుడు నాన్న చేసిన పనే ఇది, ఈసారి ఆవిడే చేశారు.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని కూతురు అడిగితే, మళ్లీ ఇంకో ముసలాయన్ని చూసుకోవాలా, నాకొద్దమ్మా అన్నట్టు నవ్వేశారట. పాప పెద్దదై, లెక్కల టీచరై, అమెరికాలో స్థిరపడింది.

లలితగారు 1977లో రిటైరయ్యారు. సొంతానికి మిగిలిన టైమ్ రెండేళ్లే. 1979 అక్టోబర్‌లో, 60 ఏళ్లకే వెళ్లిపోయారు.

థ్రెస్యాగారిని మధ్యలో వదిలేశానని తెలుసు. 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్‌కి చీఫ్ ఇంజనీర్ అయిన ఆవిడని రెండు లైన్లలో చెప్పడం కుదరదు. వచ్చే ఎపిసోడ్ ఆవిడదే.