వారసులు లేని వృత్తి

సాలెవాని ఇంట పుట్టిన బాలుడు కండెలు చుట్టుచు, తెగిన పోగు నతికించుచు, తండ్రి చేతి వడుపును దినదినము చూచుచు పెరిగి, ఎన్నడు నేర్చెనో తానే యెరుగనంత సహజముగా నేతగాడగును. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు విద్యకు అట్టి వంశక్రమము లేదు. అది పుట్టుటయే అన్యవృత్తులవారి చేతులలో పుట్టినది. 1945లో ఫిలడెల్ఫియా నగరమున ఎనియాక్ అను తొలినాటి కంప్యూటరునకై ఎన్నుకొనబడిన ఆరుగురు స్త్రీలును అంతవరకు ఫిరంగిగుండ్ల గమనమార్గములను లెక్కకట్టుచుండినవారే. బోధించు గురువు గాని, చదువుటకు గ్రంథము గాని లేకయే, యంత్రపు పటములను ముందిడుకొని వారు ఆ విద్యను తమంతట తామే సాధించిరి.

1955 ప్రాంతమున ఐబీఎం సంస్థ, పట్టాలను చూచి ప్రయోజనము లేదని గ్రహించి, తర్కశక్తిని కొలుచు పరీక్షయొకటి పెట్టి ప్రోగ్రామర్లను ఏరుకొనజొచ్చెను. 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమునకు ప్రత్యేక శాఖ వెలసెను; అట్టి శాఖలు పెరిగినకొలది పట్టాయే ద్వారపాలకుడై నిలిచెను. అయినను అక్కర ముదిరినప్పుడెల్ల ఆ ద్వారము తెరచుకొనుచునే వచ్చెను. 2000 సంవత్సరపు తేదీల చిక్కును విప్పుటకు కోబాల్ అను ప్రోగ్రామింగు భాష తెలిసినవారికై అమెరికా వెదకుచుండిన కాలమున, హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల వెలసిన కోచింగ్ సెంటర్లలో సివిల్, మెకానికల్ ఇంజనీర్లును, బీకాం చదివినవారును కిక్కిరిసి కూర్చుండిన దృశ్యము మనవారు మరువదగినది కాదు.

అదే దృశ్యము 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బూట్‌క్యాంపు అను సైనికశిక్షణా నామముతో అవతరించెను. పెద్ద సంస్థలు మిక్కుటమగు జీతములిచ్చి పట్టభద్రులను తన్నుకొనిపోవుచుండగా, పట్టుమని పదిమంది లేని స్టార్టప్‌లు పనివారికై పరితపించుచుండెను. 2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్ వంటి సాధనములు వెబ్‌సైటు నిర్మాణమును సులభతరము చేసియుండెను. ఈ రెండు కారణములును కూడినచోట, షరీఫ్ బిషాయ్ స్థాపించిన డెవ్ బూట్‌క్యాంపు, విద్యార్థులను ఇరువురిరువురిగా ఒకే యంత్రము ముందు కూర్చుండబెట్టి, కొద్ది వారములలోనే ఉద్యోగమునకు సిద్ధము చేయ బూనెను. యాప్ అకాడమీ అను మరియొక పాఠశాల, మన పూర్వుల గురుదక్షిణను తలపించునట్లు, ఉద్యోగము దొరికిన పిదపనే తొలి యేటి జీతములో కొంత భాగమును గ్రహించు పద్ధతిని చేపట్టెను.

స్టార్టప్‌లకు ఈ కొత్తవారు రెండు విధముల ఉపకరించిరి. నిన్నటివరకు బడిలో పాఠములు చెప్పినవానికి గాని, కొట్టులో పద్దులు చూచినవానికి గాని, తాను వ్రాయు ప్రోగ్రాము ఎవరి కష్టమును తీర్చవలెనో వేరుగ చెప్పనక్కరలేదు; వృత్తి మార్చుటకు తెగించినవానికి నేర్చుకొనుటయందు సిగ్గును ఉండదు. కాని వారములలో అబ్బునది పరికరముల వాడుక మాత్రమే. తప్పును వాసనపట్టి పసిగట్టు నేర్పు ఏండ్లమీద గాని రాదు. ఆ ఏండ్లపాటు ప్రక్కన కూర్చుండి దిద్దవలసిన పెద్ద, ముగ్గురే ఇంజనీర్లున్న సంస్థలో తీరిక లేనివాడై యుండును.

2014లో కప్లాన్ సంస్థ చేజిక్కించుకొనిన డెవ్ బూట్‌క్యాంపు 2017 చివర మూతపడెను. ఐరన్ యార్డ్ అను అట్టి పాఠశాలయు ఆ యేడే తలుపులు మూసెను. 2018లో జనరల్ అసెంబ్లీ అను మరియొక పాఠశాలను అడెక్కో సంస్థ 41.3 కోట్ల డాలర్లకు కొనినప్పుడు మరల పూర్వవైభవము వచ్చినట్లే తోచెను గాని, 2022 మొదలు పెద్ద సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగింపగా, అనుభవజ్ఞులే వీధిన నిలిచినవేళ కొత్తవారిని పిలుచువారు అరుదైరి.

దీనినిబట్టి తక్కువ కాలపు చదువు వ్యర్థమని తలచుట న్యాయము కాదు. సాలెవాని కుమారుడును ఒక్కనాటిలో నేత నేర్వలేదు. పోగు తెగిన ప్రతిసారియు అతనికి మగ్గము ప్రక్కన తండ్రి యుండెను. వారసులు లేని ఈ వృత్తిలో ఆ తండ్రి స్థానము తొలి కొలువు నిచ్చినవానిది. చౌకగా దొరికిన చేయి యని మాత్రమే తలచి కొత్తవానిని చేర్చుకొనిన యజమాని, మగ్గమును చూపి తండ్రిని దాచినవాడే యగును.