వండిన మనిషికీ ఒక కుర్చీ

మెదక్‌లో క్రిస్మస్ తెల్లవారుజామునే మొదలవుతుంది. నాలుగున్నర ఆరాధన కోసం చలిలో చర్చి దారి పట్టేవాళ్లు కొందరు, ముందురోజే వచ్చి చెట్ల కింద దిగి మూడు రాళ్ల పొయ్యి మీద వండుకునేవాళ్లు కొందరు. ఆ రోజు భోజనానికి వేళంటూ ఉండదు. చుట్టాలు ఎప్పుడొస్తే అప్పుడు బగారన్నం, కోడికూర. నేనుంటున్న ఇంగ్లండులో అదే పండగకు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే భోజనం ఒక్కటే. దానికి నిమిషాల లెక్క ఉంటుంది. మన చర్చిని కట్టించిన పాస్నెట్ దొర బ్రిటిష్ మిషనరీయే. కరవు రోజుల్లో జనానికి పనీ తిండీ చూపిస్తూ మొదలుపెట్టిన ఆ కట్టడం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. మిషనరీల వెంట ప్రార్థన వచ్చింది, పాట వచ్చింది. భోజనం మాత్రం మనది మనకే మిగిలింది. వాళ్లది ఎలా నడుస్తుందో, అలా ఎందుకు నడుస్తుందో మనవాళ్లకు చెప్పాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను.

మా పక్కింటి పెద్దావిడ ఏటా ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటిస్తుంది. ఆమె లెక్క కట్టేది చివరి నుంచి వెనక్కి. మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం, కాబట్టి రెండూ నలభైకి పుడ్డింగ్ బల్ల మీదికి రావాలి. రెండింటికి టర్కీ కోడి. ఒకటిన్నరకు అందరూ కూర్చుని సూప్ తాగాలి. ఐదు కిలోల కోడి కాలడానికి మూడు గంటల పైనే పడుతుంది గనక పొద్దున పదికి ముందే అది ఓవెన్‌లో ఉండాలి. ఒంటిగంటకు బయటికి తీసి, మీద రేకు కప్పి గంటసేపు కదపకుండా ఉంచుతుంది. కాలిన వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది. ఆ గంట వృథా పోదు. ఖాళీ అయిన ఓవెన్‌లో మంట పెంచి, సగం ఉడికించిన బంగాళాదుంపలను వేడి కొవ్వులో పొర్లించి పెడుతుంది. పై పొయ్యి మీద పుడ్డింగ్ ఆవిరికి వేడెక్కుతుంటుంది. అది నవంబర్ చివరి వారాల్లోనే ఎండుద్రాక్ష, కొవ్వు, మసాలాలు కలిపి గంటల తరబడి ఉడికించి దాచింది. చివర్లో దాని మీద బ్రాందీ పోసి వెలిగిస్తారు.

ఈ వరుస అనాదిగా ఉన్నదేమీ కాదు. ఒకప్పుడు ఈ పండగకే గండం వచ్చింది. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో, ప్యూరిటన్లనే కఠిన నిష్ఠగల క్రైస్తవుల చేతిలో ఉన్న పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. ఆ డిసెంబర్ 25న కాంటర్‌బరీలో దుకాణాలు తెరిచి తీరాలని మేయర్ పట్టుబడితే జనం తిరగబడ్డారు. 1660లో రాజరికంతో పాటే పండగా తిరిగొచ్చింది. స్కాట్లండులోనైతే 1958 దాకా అది సెలవు రోజే కాదు.

వేళ సంగతీ అంతే. పూర్వం ఇంగ్లండులో పెద్ద భోజనం మధ్యాహ్నమే. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో అది కలిగినవాళ్ల ఇళ్లలో మెల్లగా సాయంత్రానికీ, రాత్రికీ జరిగింది. చాలా ఇళ్లలో క్రిస్మస్ భోజనం మాత్రం పగటి పూటే నిలిచింది.

వడ్డన మారిన తీరు ఇంకా ఆసక్తికరం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పెద్దిళ్లలో ఫ్రెంచి పద్ధతి నడిచేది. ఒక్కో విడతలో పది పన్నెండు రకాలు ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. మన విస్తరిలో అన్నీ ఒకేసారి కనిపించినట్టే. తర్వాత రష్యా పద్ధతి వచ్చింది: సూపు, చేప, మాంసం, తీపి ఒకదాని వెనక ఒకటి, నౌకర్లు తెచ్చి ఒక్కొక్కరికీ అందించాలి. దీనికి చాలామంది నౌకర్లు కావాలనీ, చిన్న ఇళ్లకు కుదరదనీ మిసెస్ బీటన్ 1861లో తన గృహనిర్వహణ గ్రంథంలోనే రాసింది.

మరి చిన్న ఇళ్లవాళ్లు? డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్' చూడండి. గుమాస్తా క్రాచిట్ ఇంటి బాతు కాలేది వాళ్లింట్లో కాదు, రొట్టెలవాడి బట్టీలో. ఇంట్లో ఓవెన్ లేని పేదలకు అదే దారి. అంటే వాళ్ల భోజనవేళను నిర్ణయించింది ఊరి బట్టీ. ఇంటింటికీ గ్యాస్ పొయ్యి వచ్చాకే ఆ వేళ గృహిణి చేతికి వచ్చింది. ఆ తర్వాత రేడియో వచ్చింది. 1932 క్రిస్మస్ నాడు ఐదో జార్జి కిప్లింగ్ రాసిచ్చిన ప్రసంగం చదివాడు. సామ్రాజ్యంలో ఎక్కువ దేశాలకు షార్ట్‌వేవ్‌లో అందేలా మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎంచుకున్నారు. మన గడియారంలో అది రాత్రి ఎనిమిదిన్నర. దూరదేశాల కోసం పెట్టిన ఆ ముహూర్తమే ఇక్కడి వంటింట్లో గీతగా మిగిలింది. కొందరు దానికి ముందే తినడం ముగిస్తారు, కొందరు అది అయ్యాకే మొదలుపెడతారు.

రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత మధ్యతరగతి ఇళ్లలో నౌకర్లు మాయమయ్యారు. 1940 నుంచి 1954 దాకా రేషన్. అది ముగిసి, టర్కీ కోడి సామాన్యుల ఇళ్లకూ చేరేసరికి అంతా ఒక్క ఇల్లాలి నెత్తిన పడింది. రష్యా వరుస ఉండాలి, నౌకరు లేడు. అందుకు ఇళ్లు కనిపెట్టుకున్న ఉపాయమే ఈ నాటి వడ్డన. మొదట సూపు, చివర తీపి విడిగా వస్తాయి. నడిమి భోజనం మాత్రం ఫ్రెంచివాళ్లలాగా, మనలాగా, అంతా ఒకేసారి బల్ల మీదే. బంగాళాదుంపల గిన్నె చేతులు మారుతూ తిరుగుతుంది. ఎవరికి వారే వడ్డించుకుంటారు. నౌకరు చేసే పని సగం ఫ్రిజ్ మీది కాగితం చేస్తుంది, సగం పక్కవాడి చెయ్యి చేస్తుంది.

నాకు ఈ దేశపు పండగలో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తుంది. అంత లెక్క కట్టేది వండిన మనిషి కూడా రెండింటికి కుర్చీలో ఉండాలని. నేను వెళ్లిన ఇళ్లలో ఆమె కూర్చునేదాకా ఎవరూ ఫోర్కు ఎత్తరు. అందరి ఇళ్లూ ఇలాగే ఉంటాయని అనను, పని భారం ఇక్కడా ఆడవాళ్లదే ఎక్కువ. కానీ ఆమె లేకుండా భోజనం మొదలుపెట్టడం తప్పన్న ఎరుక ఉంది.

మన ఇళ్లలో అమ్మ, వదిన, చిన్నమ్మ బంతుల మీద బంతులు వడ్డించి, ఆఖరికి గిన్నె అడుగున మిగిలింది తింటారు. నాలుగున్నర ఆరాధనకూ వాళ్లే అందరికంటే ముందు లేచి ఉంటారు. టర్కీ కోడి మనకు అక్కర్లేదు, సూపూ అక్కర్లేదు. బగారన్నం దమ్ములో అరగంట ఆగుతుంది, కూర అంతకు ముందే అయిపోతుంది, పెరుగుచట్నీ పొద్దున్నే చేసి పెట్టుకోవచ్చు. కావలసింది ఒక్కటే, వేళ. ఫలానా గంటకు కూర్చుంటామని చుట్టాలకు ముందే చెప్పండి. గిన్నెలన్నీ నడుమ పెట్టండి. పిల్లల చేత, మగవాళ్ల చేత వడ్డింపించండి. వండినవాళ్లు కూర్చున్నాకే మొదటి ముద్ద ఎత్తండి. ఈ డిసెంబర్‌లోనే మొదలుపెట్టవచ్చు.