కాలయంత్రము: మూలమును మారురూపమును



ఒకరు చెప్పిన కథను మరియొకరు మరల చెప్పుట దోషమని మన పూర్వులెన్నడును తలంపలేదు. వ్యాసుని భారతమును నన్నయ, తిక్కన, ఎఱ్ఱన తెలుగున మరల చెప్పిరి. శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగించెను. భాస్కరాదులు చెప్పిరి గదా యని మొల్ల రామకథను మానలేదు. కావున సినిమావారు పాత చిత్రమును మరల తీసిరని వినినంతనే ముక్కు విరుచువాడను నేను కాను. అయినను 2002 వ సంవత్సరమున హాలీవుడ్డువారు మరల తీసిన ‘ది టైమ్ మెషీన్’ చూచి నేను పొందిన ఆశాభంగము చిన్నది కాదు. దాని కారణము తెలియవలయునన్న కథ పుట్టుకనుండి రావలయును.

హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత 1895 లో ఈ నవలను ప్రకటించెను. పొడవు, వెడల్పు, ఎత్తులవలెనే కాలమును ఒక పరిమాణమేయనియు, బాటపై ముందు వెనుకలకు నడచినట్లు కాలమునందును నడువవచ్చుననియు అందలి యాత్రికుని వాదము. ఐన్‌స్టైన్ తన సాపేక్షతా సిద్ధాంతమును వెలువరించినది 1905 లో. కథ దానికి పదియేండ్లు ముందే పుట్టినది. యాత్రికుడు తాను చేసిన యంత్రమెక్కి 802701 వ సంవత్సరమునకు పోవును. అచట మనుష్యజాతి రెండుగా చీలియుండును. నేలపైన ఎలోయిలు: కురుచవారు, సుకుమారులు, పనిపాట లెరుగనివారు, పసిపిల్లల బుద్ధి కలవారు. నేలక్రింద మోర్లాకులు: చీకటిలో యంత్రములు నడుపువారు, రాత్రి పైకి వచ్చి ఎలోయిలను పట్టి తినువారు.

ఇది చదివినపుడు నాకు కకుద్మి కథ తలపునకు వచ్చినది. తన కూతురు రేవతికి తగిన వరుని అడుగుటకై ఆ రాజు బ్రహ్మలోకమునకు పోయి, అచటి గానము ముగియువరకు క్షణకాలము నిలిచెను. ఆ క్షణములో భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచెను. తిరిగివచ్చి చూడగా మనుష్యులు కురుచలై, తేజము తగ్గి, వివేకము సన్నగిల్లి యుండిరని విష్ణుపురాణము. వెల్స్ మన పురాణములు చదివి వ్రాసెనని నేననను. అట్లనువారు పెక్కురు గలరు. వారితో నాకు పొత్తు లేదు.

వెల్స్ అడిగిన ప్రశ్న వేరు. ఈ చీలిక యెట్లు వచ్చినది? ఆనాటి లండనులో భూగర్భపు రైళ్లు, నేలమాళిగలలోని పనిశాలలు ఆతడు చూచినవే. పనిచేయువారిని క్రమముగా క్రిందికి నెట్టి, వెలుతురును, తోటలను కలవారు తమకే యుంచుకొనినచో తుదకేమగును? రెండు తరగతులు రెండు జాతులగును. ఇదియే ఆతని లెక్క.

శ్రోతలారా, నేను తెలకపల్లివాడను. ఇప్పుడు మాది నాగర్‌కర్నూలు జిల్లా. 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లా, జనుల నోట పాలమూరు. పాలమూరు కూలీలనగా ఆనకట్టలు కట్టినవారు, కాలువలు త్రవ్వినవారు, సొరంగములలో రాళ్లు మోసినవారు. నేను బడిలో హాజరుపట్టీ తీయునపుడు, గుంపుమేస్త్రీ వచ్చి పోయిన వారములో వరుసగా ఆరేడు పేర్లకు పలుకు లేకుండెడిది. తలిదండ్రులతో ఆ పిల్లలును మన్ను మోయ పోయిరని తక్కిన పిల్లలు చెప్పెడివారు. అట్టి పట్టీ చేతబట్టుకొనినవానికి మోర్లాకులు కేవలము రాక్షసులుగా కానరారు.

1960 లో జార్జ్ పాల్ ఈ నవలను చిత్రముగా తీసెను. ఆతడు హంగేరీలో పుట్టి అమెరికా చేరినవాడు. కథానాయకుడు రాడ్ టేలర్. అంగడి కిటికీలోని బొమ్మకు చీరమార్చినట్లు బట్టలు మారుచుండగా ఏండ్లు గడచుట మనకు తెలియును. మైనపువత్తి చూచుచుండగనే కరగిపోవును. ఆ ఇంద్రజాలమునకు ఆస్కారు బహుమతి వచ్చినది. పాల్ మూలమును మార్చలేదా? మార్చెను. కూలి, యజమాని యను భేదమును ప్రక్కకు పెట్టి యుద్ధమును తెచ్చెను. యాత్రికుడు 1917 లోను, 1940 లోను, 1966 లోను ఆగును, మూడుమారులును యుద్ధమే. తుదకు దూరభవిష్యత్తులో మోర్లాకులు సైరను మ్రోగింపగా ఎలోయిలు గొఱ్ఱెలవలె భూగర్భమునకు నడచిపోవుదురు. వారి పూర్వులు బాంబులకు వెఱచి దాగిన అలవాటది. అణుబాంబు పడి పదునైదేండ్లే గడచిన కాలమున ఇది యెంత గాఢముగా తగిలెనో ఊహింపవచ్చును. సమాధానము మారినది గాని ప్రశ్న నిలిచినది.

2002 నాటి చిత్రమునకు దర్శకుడు సైమన్ వెల్స్, మూలకర్తకు మునిమనుమడు. వంశమే వచ్చి కథను చేపట్టినపుడు ఆశ పెరుగుట సహజము. ఆయన తీవ్రముగా అలసిపోగా చివరి దినముల చిత్రీకరణమును గోర్ వెర్బిన్‌స్కీ నడపెను. యంత్రము చూడ సొగసైనది, ఖర్చునకు లోటు లేదు. కాని కథ లండను విడిచి న్యూయార్కు చేరినది. నాయకుని కాబోయే భార్య దొంగచేత చచ్చును. ఆమెను బ్రతికింప యంత్రము కట్టును. వెనుకకు పోయి రక్షింపబూనగా ఆమె మరియొక విధముగ చచ్చును. ఇంతవరకు బాగుగనే యున్నది. పిమ్మట చంద్రునిపై త్రవ్వకములు జరిపి దానిని పగులగొట్టుదురు. ఆ యుత్పాతమున కొందరు నేలక్రిందికి పోయి మోర్లాకులైరట! అనగా ఎవరును ఎవరిని క్రిందికి నెట్టలేదు. ప్రశ్న పోయినది; మిగిలినది ఒక ప్రేమికుని దుఃఖము, పిదప ఒక పోరు. మోర్లాకుల నాయకుడు కుర్చీలో కూర్చుండి అంతయు విప్పిచెప్పును. ప్రేక్షకుడు తాను కనుగొనవలసిన దానిని పాత్రచేత ఒప్పచెప్పించుట ఉపాధ్యాయుడు పరీక్షలో జవాబు చెప్పివేయుటవంటిది.

ఈ రెంటి నడుమ 1991 లో మన తెలుగున ‘ఆదిత్య 369’ వచ్చెను. దర్శకుడు సింగీతము శ్రీనివాసరావు. మాటలు జంధ్యాల, సంగీతము ఇళయరాజా. దానిని నాగర్‌కర్నూలులో చూచితిని. సింగీతము వెల్స్ నుండి యంత్రమును మాత్రమే గైకొని, దారిని తనదిగా చేసికొనెను. యంత్రము మొదట 1526 వ సంవత్సరపు విజయనగరమునకు పోవును. అచట కృష్ణదేవరాయలు కొలువుండును. రాయలుగా బాలకృష్ణయే. ఆతని తండ్రి రామారావు 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లోను, 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లోను ఆ వేషమే వేసెను. తరువాత 2504, అణుయుద్ధము ముగిసి జనులు భూగర్భమున బ్రతుకుచుందురు. వజ్రము దొంగల వెంబడింపులు నాకు విసుగు పుట్టించినవి, దాచను. కాని భువనవిజయమున అడుగిడిన క్షణమున హాలులోని ముసలివారు సైతము బెంచీలపై ముందుకు వంగిరి. అది మా కాలము; అచటికి పోవలయునని మేమెరుగకయే కోరుకొనినది. 2025 ఏప్రిలులో ఆ చిత్రము మెరుగుపెట్టబడి మరల థియేటర్లకు వచ్చెను. కొత్తగా తీయలేదు, ఉన్నదానినే తుడిచిరి.

1960 నాటి చిత్రము చివర యాత్రికుడు మరల భవిష్యత్తునకు పోవుచు తన అల్మారానుండి మూడు పుస్తకములు తీసికొనిపోవును. అవి యేవో చెప్పరు. 2002 చిత్రములో ఆ చిక్కు లేదు. సర్వగ్రంథములు నెరిగిన అద్దపు బొమ్మ యొకటి యుగములు దాటి బ్రతికి పిల్లలకు కథలు చెప్పుచుండును. మొదటిదానిని నా మనుమనితో గూడి చూచినపుడు, మీరయితే ఏ మూడు కొనిపోవుదురని వాడు నన్నడిగెను. మొదటిది కవిత్రయ భారతమంటిని. “తాతా, మూడే పుస్తకాలు. నీ భారతమే బీరువ నిండ ఉన్నది గద” అనెను వాడు. రెండవదానిని గూర్చి మాకింకను తగవు తీరలేదు.