పలువరుస తెలుపు – కనిగిరి నీటి కథ

మన పెద్దలు దంతధావనమును నిత్యకృత్యములలో మొదటివానియందు చేర్చినారు. చేదు పుల్లలలో వేప, వగరువానిలో చండ్ర, తీపివానిలో ఇప్ప, కారపువానిలో కానుగ శ్రేష్ఠములని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. కనిగిరి సీమలో వేపకు, కానుగకు కొదువ లేదు. పుల్ల కొస నమలి, కుంచెవలె చేసి పండ్లు తోముకొను అలవాటును అక్కడివారికి క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. అయినను ఆ ప్రాంతపు పెక్కు గ్రామములలో, ఎంత తోమినను వదలని పసుపు, గోధుమవన్నె చారలు పలువరుసపై కనబడును. ఈ మచ్చ ఎక్కడినుండి వచ్చినది?

ఇట్టి ప్రశ్నయే అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున 1901లో వైద్యము మొదలిడిన ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యునికి కలిగినది. అక్కడ పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమ మచ్చలుండెను. త్రాగునీటిపై అతనికి అనుమానము కలిగెను గాని, కారణము తేలుటకు ముప్పది యేండ్లు పట్టినది. 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అట్టి ఊళ్ల నీటిని పరీక్షించి, అందు ఫ్లోరైడు అధికముగా నున్నదని కనుగొనెను.

ఆపై ఆరేండ్లకే, 1937లో, షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ప్రకటించిరి. వారు చూచిన రోగులు నెల్లూరు జిల్లావారు. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివే. ఆ రోగులకు పండ్లు మచ్చపడుటయే కాదు, వెన్నెముక కూడ బిగిసికొనిపోయెను. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధిని వివరించిన తొలి వ్యాసములలో అది ముఖ్యమైనది.

గట్టి రాతినేలలో ఇంకిన నీరు రాతిలోని ఖనిజములనుండి ఫ్లోరైడును కరగించుకొనును. వానలు తక్కువైనచోట, బావి లోతైనకొలది, ఈ బెడద తరచుగా హెచ్చును. చిగురు క్రింద బిడ్డ పండ్లు రూపొందు కాలమున ఆ నీరు త్రాగినచో, ఎనామిల్ అను గట్టి పైపొర సరిగా కుదురుకొనదు. పన్ను సుద్దవలె పాలిపోయి మొలచి, పిమ్మట రంగు తిరుగును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. స్వల్పముగా నున్నచో అదే ఫ్లోరైడు పండ్లను పుచ్చిపోనీయదు. అందుచేతనే 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరమున దానిని నీటిలో కలుప మొదలిడిరి.

కనుక వేపపుల్ల పనిని, దాని హద్దును మనము గుర్తెరుగవలెను. ఆకువక్క, తేనీరు, పొగాకు వలన పైన పట్టిన గారను కొంతవరకు అది తొలగించును; చిగుళ్లను శుభ్రముగా నుంచును. లోపలి మచ్చను చేరజాలదు. ఆ మచ్చ పోవుటకని ఇటుకపొడి, ఇసుక, బొగ్గు పెట్టి రుద్దినను, నిమ్మరసము పూసినను, ఉన్న పైపొరయే అరిగి పండ్లు జివ్వుమనును. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి, మిగిలినదానిలో మరింత చిక్కబడును.

పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినది. మన నల్లగొండ పేరనే అది ప్రసిద్ధి. నదులనుండి, చెరువులనుండి వచ్చు శుద్ధజలము, శుభ్రముగా పట్టిన వాననీరు మరింత సులువైన మార్గములు. గర్భిణులకు, ఎనిమిదేండ్లలోపు బిడ్డలకు ముందుగా ఈ నీటిని కేటాయించుట గృహస్థుల ధర్మము.

పెండ్లిచూపులలో పిల్ల పలువరుస చూచి పెదవి విరుచువారు, బడిలో తోటివాని నవ్వును ఎగతాళి చేయువారు ఈ చరిత్రను తెలిసికొనవలెను. ఆ మచ్చ సోమరితనమునకు గురుతు కాదు. చిన్ననాడు దాహము తీర్చిన బావి విడిచిన గురుతు. కనిగిరి బిడ్డల పలువరుస తెల్లగా నుండవలెనన్న, పందుంపుల్లకు ముందు వారి కడవలోనికి మంచినీరు చేరవలెను.