హాలీ రూపాయి, కల్దారు రూపాయి

కృష్ణా మండలపు పడమటి యెల్లలో జగ్గయ్యపేట దాటిన పిమ్మట ఒకప్పుడు నైజాము రాజ్యము మొదలగుచుండెను. భాష యొకటే, చుట్టరికములు ఒకటే. చేతిలోని రూపాయి మాత్రము వేరు. ఇవతల చెల్లునది కల్దారు. కల్ అనగా యంత్రము. యంత్రముపై అచ్చైన నాణెమని అర్థము. అవతల చెల్లునది హాలీ సిక్కా. నూరు కల్దారులకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు, అనగా ఏడు హాలీలకు ఆరు కల్దారులు. బజారులో ఈ రేటు కొంచెము అటునిటు ఊగుచుండెడిది.

ఈ లెక్క మరచినవారికి పొరుగువాని బ్రదుకు ఎప్పుడును పచ్చగానే కనిపించును. ఖమ్మముమెట్టులో బావగారికి జీతము 35 రూపాయలనియు, బెజవాడలో బావమరదికి 30 మాత్రమేననియు అనుకొందము. 1889 నుండి రెండూళ్లకును రైలు కలదు గనుక ఇట్టి పోలికలు ఇంటింటను వచ్చుచుండును. కాని 35 హాలీలు సరిగా 30 కల్దారులే!

గుడ్డల ధర చూతము. బెజవాడలో 10 రూపాయల తాను ఎల్ల దాటునప్పుడు కరోడ్‌గిరి నాకాలో సుంకము పడును. సామాన్యముగా నూటికి 5. ఈ పరిమితి కుంపిణీతో 1802 లో జరిగిన సంధి నాటిది. తాను ధర 10 రూపాయల 8 అణాలాయెను. హాలీలోనికి మార్చిన 12 రూపాయల 4 అణాలు. వినువానికి రెండుంబావు హెచ్చు. నిజమైన హెచ్చు అర్ధరూపాయి. ఇవతలివారును పన్ను తప్పించుకొనలేదు. 1939 నుండి మదరాసు ప్రభుత్వపు అమ్మకపు పన్ను ధరలో కలిసియే యుండెను.

మునగాల పరగణావారి పాట్లు వేరు. అది కృష్ణా జిల్లాలోనిదే, కాని చుట్టును నైజాము భూమి. జగ్గయ్యపేటకు రావలెనన్న కోదాడ మీదుగా పరరాజ్యము దాటవలెను. ఆ పరగణా జమీందారైన నాయని వెంకట రంగారావుగారే 1901 లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలో ఒకరగుట మాకు వింతగా తోచదు. రెండు ప్రభుత్వముల నడుమ బ్రదికినవారికి రెండు వైపులును తమవే కదా.

తవ్వ, మానిక, కుంచము అను పేర్లు ఉభయత్ర ఒకటే యైనను పాత్ర ఊరూరికిని మారుచుండెను. కావున ధాన్యపు ధరలను పోల్చుట మరింత చిక్కు.

మా అభిప్రాయమున అసలు భేదము అంగడిలో లేదు. 1955 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము తన నివేదికలో తెలంగాణమున భూమిశిస్తు భారము మిక్కిలి హెచ్చనియు, ఆబ్కారీపై ఏటా సుమారు 5 కోట్ల రూపాయలు వచ్చుచున్నవనియు చూపెను. ఖజానాకు అది బలము. ఆ కోట్లు కల్లు ముంత నుండియు, హెచ్చు శిస్తు రైతు కల్లము నుండియు వచ్చినవని గుర్తించినచో, చౌక యెవరికను ప్రశ్నకు జవాబు తారుమారగును. తాను ధర అడిగి తెలిసికొనుట తేలిక. శిస్తు రశీదు ఎవరును చుట్టములకు చూపరు.

1948 తరువాత ఈ గోడలు ఒక్కొక్కటిగా కూలెను. హాలీ పోయెను, నాకాలు పోయెను. 1956 నవంబరు 1 న రెండు ప్రాంతములు ఒక రాష్ట్రమాయెను. మునగాల నల్గొండలో కలిసెను. 2014 జూన్ 2 న ఎల్ల మరల వచ్చినది. ఈసారి రూపాయి ఒకటే. 2017 లో వస్తు సేవల పన్ను దేశమంతటికి వచ్చినను పెట్రోలు దాని వెలుపలనే నిలిచెను. అందుచేత జగ్గయ్యపేట దాపున గరికపాడు కడ బండి ఆపి, చమురు ఇవతల పోయించుకొందుమా, అవతలనా అని లెక్క వేయువారు నేడును కలరు.