నల్గొండ నీళ్లకు ఎనభై ఏళ్ల ఆలస్యం

నీళ్లలోని ఫ్లోరైడ్ మనిషిని వంచేస్తుందన్న సంగతి మన దేశంలో కొత్తగా బయటపడిందేమీ కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును గమనించి వైద్య పత్రికలో రాసింది. దీని మీద జాతీయ కార్యక్రమం మొదలైంది మాత్రం 2008-09లో. తొలి విడత జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది!

తెలంగాణలోని నల్గొండ జిల్లాదీ ఇదే బాధ. అక్కడ ఒకప్పుడు బావులూ బోర్లే దిక్కు. ఆ నేలలోని రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. తాగక తప్పేది కాదు, తాగితే పళ్లకు గార, కీళ్లకు బిగుతు. అయితే ఒకే నీళ్లు అందరినీ ఒకేలా దెబ్బతీయలేదు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వింత వైకల్యాన్ని వివరించారు. కుర్రవాళ్ల మోకాళ్లు ఒరుసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా జరుగుతున్నాయి. కాల్షియం చాలని పేదల తిండి ఫ్లోరైడ్‌కు తోడైంది. పాలూ పెరుగూ ఉన్న ఇంటికీ, జొన్న గటకతో గడిపే ఇంటికీ తేడా ఎముకల్లో తేలిందన్నమాట.

నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. బకెట్ నీళ్లలో సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. అప్పుడు మడ్డికి పైనున్న కుళాయి తిప్పి తేట నీళ్లు పట్టుకోవాలి. తెలివైన పద్ధతే. కానీ కూలికి పోయి పొద్దుగూకాక వచ్చిన ఆడమనిషి రోజూ ఈ కొలతలు చూసుకుంటూ కూర్చోగలదా? సర్కారు చేయాల్సిన పని వంటింటి నెత్తిన పడింది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోడు వినిపించేందుకు జనం నిరసనగా నామినేషన్లు వేయడంతో నల్గొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. నీళ్లు రాలేదు గానీ, అదే ఏడాది సాధారణ అభ్యర్థుల డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. 2004లో ఇదే జిల్లాలోని అక్కంపల్లి మీదుగా కృష్ణా నీళ్లు హైదరాబాద్ చేరాయి. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలు అప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది, 2016లో పథకం మొదలైంది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. దాన్ని విజయమనే ఒప్పుకోవాలి. అయితే వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఆ మనుషులకు పింఛను, వైద్యం సాగాలి. నల్లా ఆగిన రోజున జనం బోరు వైపే నడుస్తారు కాబట్టి నీళ్ల పరీక్షలూ, బడి పిల్లల పళ్ల తనిఖీలూ ఏటా జరిపించాలి.